బస్సు లేని పరీక్ష

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే గువ్వకి ఆ ఏడాది మూడో మెమో వచ్చింది. ఆపరేషన్ గదికి వెళ్ళాల్సిన దుప్పట్లు వార్డు బండిలో పెట్టేసిందట. "చెప్పిన మాట కావాలనే వినదు" అని సూపర్‌వైజర్ రాశాడు. యంత్రాల రొదలో ఆయన నాలుగు పనులు ఒక్క గుక్కలో చెప్పి వెళ్ళిపోయాడు. మొదటిది గువ్వ చెవిన పడింది. మిగతావి జారిపోయాయి. పుట్టి ఇరవై ఐదేళ్ళు, అన్నేళ్ళూ జారిపోతూనే ఉన్నాయి. గలగలా మాట్లాడుతుంది కాబట్టి తెలివి లేదని ఎవరూ అనలేదు. మొండిది అన్నారు, బద్ధకం అన్నారు.

ఈసారి అమ్మ ఊరుకోలేదు. మెదడు పనితీరు పరీక్షించే క్లినిక్‌కి లాక్కెళ్ళింది.

"నాకేం పిచ్చి లేదు," అంది గువ్వ, మెట్ల మీదే ఆగిపోయి.

"లేదని నాకూ తెలుసు. అదే కాయితం మీద రాయించుకుందాం, పద."

పరీక్షలు రెండు పొద్దులు సాగాయి. పరీక్షించే మేడమ్ నెమ్మదస్తురాలు. మాటలకి అర్థాలు అడిగినప్పుడు గువ్వ చెలరేగిపోయింది. "ఓర్పు అంటే?" అంటే, "మీకున్నది, మా సూపర్‌వైజర్‌కి లేనిది," అంది. మేడమ్ నవ్వాపుకోలేకపోయింది. కానీ అంకెలు వెనకనుంచి చెప్పమన్నప్పుడు నాలుగో అంకె దగ్గరే ఆగిపోయింది. అరగంట క్రితం విన్న పదిహేను మాటల్లో మూడే మిగిలాయి. ఒక అంకె, ఒక అక్షరం మార్చి మార్చి గీత కలపమంటే అంకెల వెంటే పోయింది. పెన్సిల్ బల్లకేసి కొట్టి, మళ్ళీ తనే తీసుకుని, "ఇంకోసారి ఇవ్వండి," అంది.

రెండోరోజు మేడమ్ అమ్మని పిలిచి, "కడుపుతో ఉన్నప్పటి విషయాలు అడగాలి. అమ్మాయిని కాసేపు బయట కూర్చోమందామా?" అంది.

పెద్దమ్మ అంతకుముందే అమ్మకి నూరిపోసింది, నోరు మెదిపావో పరువు పోతుందని. అమ్మ కొంగు బిగించి కూర్చుంది.

"ఉండనివ్వండి. తల దానిది. నేను తాగేదాన్ని మేడమ్. ఇది కడుపులో పడ్డ తరవాత కూడా ఏడో నెల దాకా, దాదాపు రోజూ. పూర్తిగా మానేసి పదకొండేళ్ళయింది. మార్చి రాయకండి, ఉన్నదున్నట్టు రాయండి."

గువ్వ లేచి నిలబడింది. "నీకు తెలుసా? అందరూ నన్ను మొండిదంటుంటే, తెలిసీ విన్నావా?"

"అప్పుడు తెలీదు. తాగుడు కడుపులో బిడ్డ మెదడుని దెబ్బతీస్తుందని రెండేళ్ళ క్రితం తెలిసింది. చెప్పే ధైర్యం లేకపోయింది."

గువ్వ ఒక్కతే ఇంటికెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు అమ్మతో మాటల్లేవు. ఒకే వంటింట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా తిరిగారు.

రిపోర్టు రోజున కూడా ఒక్కతే వెళ్ళింది. మేడమ్ ఒక్కో అంకె వివరించింది: మాటల తెలివి మామూలుగానే ఉంది, చెప్పింది గుర్తుంచుకోవడం, వరుసగా పని నడపడం బాగా తక్కువ. పుట్టకముందు మద్యం వల్ల మెదడుకి జరిగిన నష్టం. మొండితనం కాదు. గువ్వకి ఆ మాట మళ్ళీ వినాలనిపించింది, మళ్ళీ చెప్పించుకుంది. తరవాత చివరి పేజీ తనే చదువుకుని ఒక వరుస మీద వేలు పెట్టింది.

"'స్వతంత్రంగా జీవించే సామర్థ్యం లేదు.' ఇది ఎవరు చూశారు?"

"మీ అంకెలను బట్టి..."

"రోజూ రెండు బస్సులు మారి పనికెళ్తున్నాను మేడమ్. మీ పరీక్షలో బస్సు ఉందా? నా వంట ఉందా? అంకెలు మీవి, ఉంచుకోండి. ఈ వరుస నాది, తీసేయండి."

మేడమ్ కాయితం తనవైపు తిప్పుకుంది. "అంకెలు మార్చను. కానీ ఇది నేను అడగకుండానే రాశాను. తప్పే," అంది. కొత్త పేజీ తీసి, పొద్దున లేచిన దగ్గర్నుంచీ అడిగి రాసుకుంది. ఆ వరుస మారింది: "పనులు ఒక్కొక్కటిగా రాసి చూపిస్తే సొంతంగా చేసుకోగలదు."

మర్నాడు సూపర్‌వైజర్ రిపోర్టు తిరగేసి పెదవి విరిచాడు. "అదన్నమాట. మీ అమ్మ తాగుబోతు..."

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను. మీకు కావలసింది చివరి పేజీ. గోడకి బోర్డు పెట్టి పనులు వరుసగా రాయండి. మెమోలో 'కావాలనే' కొట్టేసి సంతకం పెట్టండి. అది అబద్ధం."

చుట్టూ దుప్పట్లు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. సూపర్‌వైజర్ గొణుక్కుంటూనే కొట్టేశాడు. బోర్డు మాత్రం వారం దాకా రాలేదు. ఆ వారమంతా గువ్వ రోజూ ఆయన గుమ్మంలో నిలబడి అడిగింది.

మెమోలో ఆ మాట కొట్టేసిన రోజు సాయంత్రం, స్టవ్ దగ్గరున్న అమ్మ ఎదురుగా గువ్వ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ మీద కోపం పోలేదు."

"పోనక్కర్లేదు," అంది అమ్మ.

"పెద్దమ్మ ఫోన్ చేసింది. బయటివాళ్ళ ముందు నువ్వెందుకు చెప్పావని నన్ను దులిపేసింది. మా అమ్మ మంచిపనే చేసిందని చెప్పి పెట్టేశాను."

అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. గువ్వ కదల్లేదు.

"ఎందుకు తాగావు? సాకులొద్దు. చెప్పు."

అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.