మామగారి కటింగు బల్ల

మా ఆయన చేతిలోంచి కత్తెర జారి కింద పడినప్పుడు నేను పక్కనే కూర్చుని కోటుకి గుండీలు కుడుతున్నాను. ఆ కత్తెర కింద పడటమంటే మామూలు విషయం కాదు. పెళ్ళయి ఈ కొట్లో అడుగు పెట్టినప్పటి నుంచి నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు మహానుభావుడు. వేరే చెయ్యి పడితే దాని పదును పోతుందట. అలాంటిది నేల మీద పడి ఉంటే ఆయన వంగి తీయలేదు. తన కుడిచేతి బొటనవేలు వైపు చూస్తూ నిలబడ్డారు.

"చెయ్యి చెమట పట్టింది," అన్నారు.

ఆ రోజు చలికి నేను శాలువా కప్పుకుని ఉన్నాను.

వీధిలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కటింగు మాస్టారు. ఆయన గీత గీసి గుడ్డ కోస్తే నేను మిషను మీద కుడతాను. ఆయన చెయ్యి ఆగితే కొట్టు ఆగినట్టే. కానీ అప్పుడు నా గుండె జారింది కొట్టు గురించి కాదు, మామగారు గుర్తొచ్చి.

మామగారు కూడా కటింగు మాస్టారే. ఇదే కొట్లో, ఇదే బల్ల దగ్గర, ఇంచుమించు ఇదే వయసులో ఆయన చేతిలోంచి ఇదే కత్తెర పడింది. తర్వాత కాలు ఈడ్చడం మొదలైంది. ఆ తర్వాత మాట ముద్దయింది. నరాల జబ్బన్నారు, మందు లేదన్నారు. చివర్లో చెంచాతో నీళ్ళు తాగించింది నేనే. మా ఆయన ఆ రోజుల ఊసే ఎత్తరు. అందుకే కత్తెర తీసి ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను. ఆయన కూడా అడగలేదు.

తర్వాత నిలదీస్తే తెలిసింది, పడటం ఇది మొదటిసారి కాదట. చాలా రోజులుగా బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కుతున్నాయట. నేను వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఎడంచేత్తో కుడిచేతికి ఆసరా పట్టి కోస్తున్నారట. ఇంత విషయం కడుపులో పెట్టుకుని, రాత్రి కూరలో ఉప్పు తగ్గిందని నా మీద అరిచిన మనిషి. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. డాక్టరు దగ్గరికి పదండంటే మొండికేశారు. వెళ్తే జబ్బుకి పేరు పెట్టి పంపిస్తారు, ఆ పేరు నేను వినను అన్నారు. మా ఆడపడుచు ఫోన్లో నూనె రాయమంది. రాశాను. చెయ్యి నున్నబడింది తప్ప గట్టిపడలేదు.

ఇక లాభం లేదని నేనే ఒక ఉపాయం ఆలోచించాను. మా వీధి చివర ఫిజియోథెరపీ సెంటరు పెట్టిన అమ్మాయి ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి మా దగ్గరికే వస్తుంది. అక్కడ పరీక్షలూ అవీ ఉండవు, భుజం నొక్కి రెండు వ్యాయామాలు చెప్పి పంపించేస్తుంది అని మాస్టారిని బుజ్జగించి తీసుకెళ్ళాను. ఆయన నమ్మారు. నిజం చెప్పాలంటే నేనూ అదే నమ్మాను.

ఆ అమ్మాయి భుజం జోలికే పోలేదు. మెడ అటు తిప్పించింది, ఇటు తిప్పించింది. తల కాస్త వెనక్కి వంచి పక్కకి వాల్చమంటే ఆయన అబ్బా అన్నారు, నొప్పి సర్రున వేళ్ళదాకా పాకిందట. చిన్న రబ్బరు సుత్తితో మోచేతుల దగ్గర కొట్టి చూసింది. ఎడమచెయ్యి ఉలిక్కిపడింది, కుడిచెయ్యి ఊరుకుంది. తన వేళ్ళు పట్టుకుని గట్టిగా పిండమంది. ఆయన మొహం ఎర్రబడేలా పిండారు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుని, మెడకి ఎమ్మారై స్కానింగు చేయించాలి, నేనే రాసిస్తాను అంది.

మాస్టారు నా వైపు చూసిన చూపుకి నేను అక్కడికక్కడే మాడిపోవాలి. స్కానింగులు రాసేది డాక్టర్లు కదమ్మా అని అడ్డం పడబోయాను. ఇలాంటివి తామూ రాయొచ్చని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒట్టి నొప్పే అయితే కొన్నాళ్ళు వ్యాయామం చేయించి చూసేదాన్నని, చేతిలో బలం తగ్గినప్పుడు లోపల ఏముందో చూడకుండా మెడ మీద చెయ్యి వేయనని అంది. రిపోర్టు తన దగ్గరికే వస్తుందట, అవసరమైతే సర్జనుకీ తనే చూపిస్తుందట. ఆమె చెబుతుండగానే మాస్టారు లేచి చొక్కా వేసుకోవడం మొదలుపెట్టారు. ఎన్ని వేల చొక్కాలు కోసిన చెయ్యో, తన చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతోంది. అది చూశాక నా నోరు ఆగలేదు.

"వాళ్ళ నాన్నగారికి ఇలాగే మొదలైందమ్మా. ముందు చెయ్యి, తర్వాత కాలు, తర్వాత మాట. ఇదీ అదేనేమోనని ఈయన భయం. నాదీ అదే భయం."

మాస్టారు గుండీ వదిలేసి గోడవైపు తిరిగారు. ఆ అమ్మాయి నాకు జవాబు చెప్పకుండా ఆయన్నే అడిగింది.

"మాస్టారూ, మీ నాన్నగారికి వేళ్ళు తిమ్మిరెక్కేవా?"

ఆయన ఇటు తిరిగారు. లేదు, చివరిదాకా సూది గుచ్చుకుంటే చురుక్కుమనేది అన్నారు.

"మీకు తిమ్మిరి ఉంది. నాకు అదే కాస్త ధైర్యంగా ఉంది," అంది ఆమె. "కానీ నా మాట ఒక్కటే చాలదు. లోపల చూద్దాం."

మొగుడికి తిమ్మిరి ఉందని సంతోషించిన ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. స్కానింగు రోజుదాకా ఆ మాట పట్టుకునే వేలాడాం.

స్కానింగు సెంటర్లో టెక్నీషియను నెరిసిన మీసాల మనిషి. గుచ్చి గుచ్చి అన్నీ అడిగాడు. వాచీ, ఉంగరం, తాళాలు, బెల్టు, ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందా అని. లోపలిది పెద్ద అయస్కాంతమట. మాస్టారు అన్నిటికీ లేదు లేదంటూ తల ఊపారు. ఆ తర్వాత ఒక గౌను చేతికిచ్చి బట్టలు మార్చుకోమన్నాడు. ఆయన వేళ్ళు సరిగా పనిచేయవని చెప్పి నేనూ ఆ గదిలోకి వెళ్ళాను.

గౌను చూడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. దీన్ని కోసినవాడెవడు, చంకలో వదులు లేదు, వెనకాల అంచు మడవనే లేదు అని మొదలుపెట్టారు. ఆయన అలా తిట్టి ఎన్నాళ్ళయిందో. నాకు చెవుల్లో తేనె పోసినట్టుంది. తీరా తొడిగాక చూస్తే వెనక కట్టుకునే తాడు ఒకటి తెగి ఉంది. అంతా కనపడుతోందే అన్నారు దీనంగా. నా చెయ్యి దానంతట అదే నా భుజం మీదికి వెళ్ళింది. కొట్లో ఉన్నా లేకపోయినా నా భుజం మీద బట్టకి గుండుసూదులు గుచ్చి ఉంటాయి. ఒకటి తీసి, అంచు మడిచి, బయటికి కనపడకుండా నీటుగా పెట్టేశాను. ఆయన వెనక్కి చెయ్యి పెట్టి తడిమి చూసుకుని భేష్ అన్నారు. ఆయన నోట భేష్ రావడం అంత తేలిక కాదు. పొంగిపోయాను.

ఆయన టెక్నీషియను వెంట నడిచారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద బొమ్మలున్నాయి. కత్తెర, తాళంచెవి, సూది. మా కొట్టు బోర్డులా ఉందే అనుకున్నాను. అప్పుడు కనపడ్డాయి వాటి మీద ఎర్రటి అడ్డగీతలు.

"ఆగండి! ఆయన్ని లోపలికి పంపొద్దు!"

పరుగెత్తుకెళ్ళి తలుపు దగ్గర ఆయన గౌను వెనక నుంచి ఒడిసి పట్టుకున్నాను. ఉన్న రెండో తాడు కూడా తెగింది. సూది తీసి చూపిస్తే టెక్నీషియను దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. అన్నిసార్లు అడిగాక కూడానా అన్నాడు. గౌను ఊడిపోతుందనీ అని నీళ్ళు నమిలాను. లోపల ఆ సూది బట్టకి ఉండదమ్మా, ఎగురుతుంది, ఎక్కడ గుచ్చుకుంటుందో తెలీదు అన్నాడు. తాళ్ళు గట్టిగా ఉన్న మరో గౌను ఇచ్చి, ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా మళ్ళీ పరీక్షించి, నన్ను మాత్రం ఆ గడప దాటి అడుగు వేయొద్దన్నాడు.

మాస్టారు గుమ్మంలో వెనక్కి తిరిగారు. "నన్ను చంపడానికి ఆ జబ్బెందుకే, నువ్వుండగా," అన్నారు. అని నవ్వారు. ఆ జబ్బు మాట ఆయన నోటితో అనడం అదే మొదలు. తలుపు మూశాక లోపల మిషను దబదబా కొడుతుంటే నేను బయట కూర్చుని నవ్వుతూనే ఏడ్చాను.

రిపోర్టు వచ్చిందని ఫిజియో అమ్మాయి పిలిచిన రోజు ఇద్దరం వీధి చివరిదాకా నడిచాం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టకుండానే చెప్పేసింది.

"మీ నాన్నగారి జబ్బు కాదు మాస్టారూ. మెడ ఎముకల మధ్య ఉండే మెత్త పక్కకి జరిగి, చేతికెళ్ళే నరాన్ని నొక్కుతోంది."

తను చేసిన పరీక్షా, తిమ్మిరీ, స్కానింగూ అన్నీ ఆ ఒక్క చోటే చూపిస్తున్నాయంది. సర్జనుకి కూడా చూపించిందట. ఇప్పుడే ఆపరేషను అక్కర్లేదు, వ్యాయామంతో చాలామందికి బలం తిరిగొస్తుంది, రాకపోతే అప్పుడు చూద్దామన్నాడట. మాస్టారు కుర్చీలో కూలబడి, ఇంకోసారి చెప్పమ్మా అన్నారు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మేం చచ్చి బతికాం.

ఆ తర్వాత ఆమె, మీరు ఎలా నిలబడి కోస్తారో చూపించండి అంది. పరీక్షలకి వాడే మంచం ఎత్తు తగ్గిస్తూ, మీ బల్ల ఎత్తు రాగానే చెప్పమంది. ఇంకా కిందికి, ఇంకా కిందికి అంటూ పోయారు ఆయన. చివరికి దాని మీదికి వంగి, మెడ వేలాడేసి, కోస్తున్నట్టు చెయ్యి ఆడించారు. రోజూ చూసే భంగిమే. ఆ గదిలో చూస్తే నాకే మెడ లాగింది.

"ఇంత పొట్టి బల్ల ఎవరు చేయించారు?"

"మా నాన్న."

"ఆయన ఎంత ఎత్తు ఉండేవారు?"

మాస్టారు ఎడమచెయ్యి ఎత్తి తన భుజం దగ్గర పెట్టి చూపించారు. చూపించిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ బల్ల మార్చమని నేను ఎన్నిసార్లు పోరానో. నాన్న చెయ్యి పడిన బల్ల, దాని జోలికి రావద్దనేవారు. ఇప్పుడు నేను ఒక్క మాట కూడా దెప్పలేదు. అంత సంతోషంగా ఉన్నాను.

మర్నాడు వడ్రంగి వచ్చి బల్ల కాళ్ళ కింద కొయ్య దిమ్మెలు బిగించాడు. బిగించే ముందు మాస్టారు బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు.

"నాన్న నుంచి నాకొచ్చింది ఇదేనే," అన్నారు. "ఇంకేం రాలేదు."

చెయ్యి కుదుటపడేదాకా కత్తెర పట్టొద్దని ఫిజియో అమ్మాయి ఆజ్ఞ. ఆయన నిటారుగా నిలబడి ఎడంచేత్తో సుద్దగీత గీశారు. గీసి, కత్తెర తీసి, ఒక్క క్షణం తటపటాయించి, నా చేతికిచ్చారు. బరువుగా ఉంది. నేను కోస్తుంటే భుజం మీదుగా తొంగి చూస్తూ గీత దాటావు, అదిగో మళ్ళీ దాటావు అని సాధించారు.

"చెయ్యి బాగయ్యాక మీరే దిద్దుకోండి," అన్నాను.

"బాగవనీ, అప్పుడు చెప్తా నీ సంగతి," అన్నారు.

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నాతో అన్న మాటలన్నిట్లోకీ నాకు ఇదే నచ్చింది.