దుప్పటి కొస

గరగర.

ముతక దుప్పటి అంచు, రెండు అరచేతుల మధ్య.

కుడిచెయ్యి ముందుకు. ఎడమచెయ్యి వెనక్కి. గరగర... ఆగుతుంది. మళ్ళీ గరగర. ఆవు ఎండుగడ్డి నములుతున్నట్టు.

నిన్న పొద్దుటి నుంచీ అదే చప్పుడు.

పెద్దాయన కళ్ళు తెరవడు. నోరు తెరవడు. చేతులు మాత్రం ఆపడు.

ఈ వృద్ధాశ్రమంలో మంచాన పడ్డవాళ్ళని పక్కకి తిప్పడం నా పని. రెండు గంటలకోసారి ఒక్కొక్కరినీ ఇటు నుంచి అటు. వీపు చూస్తాను. మడమలు చూస్తాను. ఎక్కడ ఎర్రబడితే అక్కడ దిండు సర్దుతాను. ఇంతకు ముందు పశువుల్ని కాశాను. అందుకే ఆయన నన్ను ఆవులోడా అని పిలిచేవాడు.

పిలిచేవాడు — మూడు రోజుల కిందటి దాకా.

ఆయన తాళ్ళు పేనేవాడు. అరవై ఏళ్ళు నార పేనిన చేతులు. అరచెయ్యి ముట్టుకుంటే చెట్టు బెరడే.

మణికట్ల మీద రెండు నల్లని చారలు. పని వల్ల పడ్డవి కావు. పోయిన నెల ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. పీకేశాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ పీకేశాడు. మంచం కమ్మీలకి చేతులు కట్టేశారు. మెత్తటి గుడ్డతోనే. తొమ్మిది రోజులు.

తిరిగొచ్చిన రోజు ఒక్క మాటే అన్నాడు.

"ఒరే ఆవులోడా, ఇంకోసారి కట్టనివ్వకు."

"అలాగే," అన్నాను.

ఏ అధికారం చూసుకుని అన్నాను? దిండు సర్దే అధికారం తప్ప నాకేముంది?

ఈ పొద్దున చెంచాతో నీళ్ళు పెదవి దాకా తీసుకెళ్తే ముఖం తిప్పుకున్నాడు. మింగడం ఆగిపోయింది.

మింగడం ఆగితే ఆంబులెన్స్ పిలవాలి. అది ఇక్కడి పద్ధతి. వద్దనాలంటే ఒక కాగితం ఉంది. ఆసుపత్రి వద్దు, గొట్టం వద్దు, నొప్పి తెలియకుండా ఇక్కడే చూసుకోండి అని. కింద సంతకం. ఆయన చెయ్యి సంతకం పెట్టగలిగిన రోజుల్లో ఆ కాగితం ఎవరూ ఆయన ముందు పెట్టలేదు. ఇప్పుడు కూతురు పెట్టాలి.

నర్సమ్మ ఆంబులెన్స్‌కీ, కూతురికీ ఫోన్ చేసింది. ఆంబులెన్స్ వాళ్ళు అరగంటలో వస్తామన్నారు. కూతురు పది నిమిషాల్లో వచ్చింది, పని మధ్యలోంచే, మెడలో గుర్తింపు కార్డుతో.

వస్తూనే చెంచా అందుకుంది.

"నాన్నా... ఒక్క గుక్క."

"పొయ్యకండమ్మా," అంది నర్సమ్మ. "ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదితో పెదాలు తడపండి, చాలు."

"దాహంతో చంపేస్తారా మా నాన్నని?"

అక్కడ ఊరుకోవాల్సింది నేను.

"పశువైనా అంతే తల్లీ. వెళ్ళిపోయే వేళకి తొట్టి దగ్గర మొహం తిప్పేసుకుంటుంది. దాహం కాదది."

చెంచా గాల్లో ఆగింది.

"మా నాన్న పశువా?"

పక్క మంచం మీద రేడియో తాత. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. "నన్ను ఎద్దు అంటాడమ్మా వీడు," అన్నాడు. "వాడి లెక్కలో అది పొగడ్తే."

ఎవరూ నవ్వలేదు.

తల దించుకున్నాను. నేను దగ్గర కూర్చుని చూసిన మొదటి చావులు పశువులవే. మెడ నిమురుతూ చూసినవి. ఇంకో పోలిక నాకు రాదు.

కిటికీ బయట గాలి లేదు. ఎండుగడ్డి మీద ఎండ. ఒక్క పరక కదలదు.

కూతురి ఫోన్ మోగింది. తమ్ముడు. గదంతా వినిపించే గొంతు.

"అక్కా, ఇంకా ఆలోచనేంటి? బండెక్కించెయ్. గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యలేదంటారు రేపు."

"నువ్వొచ్చి చూడరా ఒకసారి."

"చూస్తే మాత్రం ఏం చేస్తాం? మనం డాక్టర్లమా?"

పెట్టేసింది.

మంచం తలవైపు బల్ల. బల్ల మీద కాగితం. కాగితం మీద పెన్ను.

ఆంబులెన్స్ రావడానికి ఇంకో పది నిమిషాలు.

గరగర.

నర్సమ్మ ఆయన చేతుల వైపు చూసింది. "కుదురుగా లేవు చేతులు. దారిలో సూదులు పీకేసుకుంటాడు. కట్టాల్సి వస్తుందేమో..."

వంగి, ఆయన చొక్కా చేతులు పైకి మడిచాను.

కూతురు చూసింది. చారల మీద వేలు పెట్టింది. తీసింది.

"ఏంటివి?"

"పోయిన నెలవి తల్లీ."

"ఆసుపత్రిలో నన్ను అద్దం బయటి నుంచే చూడనిచ్చారు... ఇక్కడికొచ్చాక ఇన్నిసార్లు వచ్చాను. నాకు కనబడలేదే?"

"మీరొస్తున్నారంటే చేతులు దుప్పట్లో పెట్టేసుకునేవాడు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. కుడిచెయ్యి ముందుకు. ఎడమచెయ్యి వెనక్కి. ఆగడం. మళ్ళీ మొదలు.

"అందుకే ఆగిపోతున్నాడు," అంది, తనలో తనే. "కొస పట్టే మనిషి లేదు."

నా వైపు తిరిగింది.

"చిన్నప్పుడు నేనే పట్టుకునేదాన్ని. పేనే కొద్దీ తాడు పొట్టిదవుతుంది. కొస పట్టినవాళ్ళు అడుగడుగూ దగ్గరికి నడవాలి. వదలకూడదు. ఒకసారి తూనీగ వెంట పడి వదిలేశాను. తాడంతా మెలికలు పడిపోయింది."

"తిట్టాడా?" అన్నాడు రేడియో తాత.

"లేదు. విప్పి, మళ్ళీ మొదలెట్టాడు."

ఆమె మంచం కాళ్ళవైపు నడిచింది. వేలాడుతున్న దుప్పటి మూల అందుకుంది. గుప్పిట్లో బిగించి, మెల్లగా లాగింది.

చేతులు ఆగాయి.

నిన్నటి నుంచీ వినిపిస్తున్న చప్పుడు ఆగేసరికి గదిలో ఆయన ఊపిరి వినిపించింది. ఒకటి... చాలాసేపు ఏమీ లేదు... ఇంకొకటి.

ఏం పోగొట్టామో అని ఆయన మీదికి వంగాను.

అప్పుడు కుడిచెయ్యి కదిలింది. ముందుకు. ఎడమచెయ్యి వెనక్కి. ఈసారి తొందర లేదు, తడబాటు లేదు. దుప్పటి అంచు మెలి తిరిగింది. ఆ మెలి ఆమె గుప్పిట దాకా పాకింది.

ఆమె ఒక అడుగు వేసింది. తలవైపు.

గేటు దగ్గర హారన్.

"ఏం చెప్పనమ్మా వాళ్ళకి?" నర్సమ్మ.

ఆమె చూపు తండ్రి చేతుల మీదే. ఇంకో అడుగు. కాగితం దగ్గరికో, తండ్రి దగ్గరికో — ఆ రెండూ ఒకవైపే ఉన్నాయి.

వరండాలో చక్రాల చప్పుడు. దగ్గరికి. ఇంకా దగ్గరికి.

నేను వెళ్ళి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. చేతిలో దిండు. ఏం చెప్పాలో తెలియదు. పక్కకి జరగాలని మాత్రం లేదు.

బయట ఎండుగడ్డి ఒకసారి వంగి లేచింది.

వెనక, ముతక దుప్పటి అంచు. ఒక కొసన ఆయన. ఒక కొసన ఆమె. మధ్యలో ఇంకా రెండడుగుల తాడు...

గరగర.