ఆరో చుట్ట

సంచీ బోర్లించగానే సీసపు చుట్ట ఒకటి దబ్బున నేల మీద పడింది. చుక్క మేస్త్రి గుండె గుభేలుమంది.

ఆయన పైపుల మేస్త్రి. ముప్ఫై ఏళ్లలో ఆయన బిగించిన అతుకులోంచి ఒక్క చుక్కైనా కారలేదని తోటి పనివాళ్లు పెట్టిన పేరది. కాస్త వెటకారంగానే పెట్టారు కానీ, ఆయన దాన్ని బిరుదులాగే మోస్తున్నాడు. కూతురు పనిచేసే ఆసుపత్రిలో కొత్త ఎక్స్‌రే గది పని ఆయనకి వచ్చింది కూడా ఆ పేరు వల్లే. కిరణాలు బయటికి రాకుండా గోడకి సీసపు రేకు ముందే పరిచారు. పైపులూ వైర్లూ దూరే ఆరు కన్నాల చుట్టూ మిగిలిన సందుల్ని ఈయన సీసపు పీచుతో పూడ్చాలి. వెంట్రుకంత సన్నగా లాగిన సీసాన్ని తాడులా పేని చుట్టలుగా అమ్ముతారు. లోపల జనపనార కుక్కి, దాని మీద ఆ పీచు పెట్టి, మొద్దు ఉలితో పొర తర్వాత పొర దట్టించుకుంటూ రావాలి. ఆరు కన్నాలు, ఆరు చుట్టలు. తనే కొలిచి మరీ తెప్పించాడు.

మరి ఇదెక్కడిది?

"కొట్టువాడు ఒకటి ఎక్కువ వేసుంటాడు," అన్నాడు పైకే.

"వాడా? చీల పొట్లంలో ఒక్క చీల ఎక్కువ పడితే మళ్లీ తీసుకునే రకం," అంది భార్య వంటింట్లోంచి. "అవునూ, ఇవాళేగా అమ్మాయి గదిలో మిషను మొదలెట్టేది? పొద్దున్నే పరిగెత్తింది."

ఆ మాట మేస్త్రి చెవిన పడింది. అయినా కదల్లేదు. ఏడింటికి కనబడ్డ చుట్టని ముందు పెట్టుకుని తొమ్మిదింటి దాకా తనకి తాను సర్దిచెప్పుకుంటూ కూర్చున్నాడు. నీళ్లయితే మోసం చెయ్యవు, కారితే కారామని నేల తడిపి చెబుతాయి. ఆ కిరణాలు కారితే ఎవరికి కనబడతాయి? కొలిచేవాళ్లు వచ్చే వారం గానీ రారు. ఈలోగా వెళ్లి అందరి ముందూ "నేను మరిచిపోయాను" అనడమంటే ముప్ఫై ఏళ్ల పేరు ఒక్క పూటలో మురికికాలవలో పారబోసుకోవడమే. తప్పు చేశానన్న భయం కంటే తప్పు చేశానని చెప్పాల్సి వస్తుందన్న భయమే ఎక్కువగా ఉంది ఆయనకి. సిగ్గుచేటే, కానీ నిజం.

అప్పుడు గుర్తొచ్చింది టీ సంగతి.

ఆఖరి కన్నంలో జనపనార కుక్కి చుట్ట విప్పబోతుంటే కూతురు టీ తెచ్చింది. "నాన్నా, నా స్టూలు ఇక్కడే వేస్తారట. రోజంతా నీ గోడ పక్కనే," అంది మురిసిపోతూ. సీసం ముట్టిన చేత్తో ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ప్లాస్టరింగు మేస్త్రి ఆ కన్నం మీద సిమెంటు పూసి నున్నగా మెత్తేశాడు. పని అయిపోయిందనుకుని చుక్క మేస్త్రి హాయిగా టీ తాగాడు.

చుట్టా ఉలీ సుత్తీ సంచీలో వేసుకుని బస్సెక్కాడు. ఆసుపత్రి వరండా నిండా జనం. తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. ఆరినప్పుడల్లా ఒకరు బయటికొస్తున్నారు, ఇంకొకరు లోపలికెళుతున్నారు.

గోడకి ఇవతల, ఆ ఆఖరి కన్నం పక్కనే, కూతురు స్టూలు మీద కూర్చుని ఉంది. భుజం గోడకి జానెడు దూరం.

"మిషను ఆపమ్మా," అన్నాడు.

"ఇంతమంది ఉంటే ఎలా ఆపుతాను నాన్నా? ఏమైంది?"

పక్కన బల్ల దగ్గరున్న డాక్టరుగారు తలెత్తి చూశారు. మేస్త్రి సంచీలోంచి చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ కన్నం నేను పూడ్చలేదండీ. మరిచిపోయాను."

కూతురి మొహం ఎర్రబడింది. మా నాన్న చేసిన పని అని ఆ పొద్దున్నే అందరికీ చెప్పుకుంది పాపం. డాక్టరుగారు మిషను ఆపించి, జనాన్ని కూర్చోమన్నారు. తిట్టినా బాగుండుననిపించింది మేస్త్రికి.

స్టూలు జరిపి, రంగేసిన గోడ మీద ఉలి పెట్టి కొట్టాడు. సిమెంటు పెళ్లలుగా ఊడింది. వేలు పెట్టి లాగితే జనపనార వచ్చింది, ఒట్టి జనపనార. ఎక్కడా తడి లేదు, మరక లేదు. అంత పొడిగా ఉన్న లీకుని ఆయన జన్మలో చూడలేదు.

మళ్లీ నార కుక్కి, పీచు పెట్టి కొట్టాడు. దెబ్బ గట్టిగా మోగితే గానీ రెండో పొర వెయ్యలేదు. సుత్తి గురి ఒక్కసారీ తప్పలేదు. ఆరో చుట్ట మొత్తం గోడలోకి వెళ్లిపోయాక చేతులు కడుక్కొచ్చి కూతురి దగ్గర నిలబడ్డాడు.

"పొద్దున్నించీ ఎన్ని ఎక్స్‌రేలు తీశావమ్మా?"

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. బల్ల మీద తెరిచి ఉన్న, ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల రిజిస్టరు మీద అరచెయ్యి పరిచింది.

"రెండే నాన్నా. ఇప్పుడేగా మొదలెట్టింది."

మేస్త్రి తలూపి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి, అరచేతికి కిందా పైనా, పేజీ అడుగు దాకా నిండిన పేర్లు ఆయనకి కనబడుతూనే ఉన్నాయి.