కడబూర చీర

ఎల్సీకి పాత బట్టలంటే పిచ్చి. ఇష్టం అని మర్యాదగా చెప్పొచ్చు గానీ, చూసినవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు. కాజీపల్లిలో ఆమె ఈడు పిల్లలంతా జీన్సు ప్యాంట్లేసుకుని కంపెనీ బస్సులు ఎక్కుతుంటే, ఈ మహాతల్లి బుట్ట చేతుల జాకెట్టు, పెద్ద పెద్ద చుక్కల వాయిల్ చీర, చెవులకు గాజులంతేసి రింగులు పెట్టుకుని ఆదివారం చర్చికి వచ్చేది. "ఏందే ఎల్సీ, మీ నాయనమ్మ పెట్టె గిట్ల ఎత్తుకొచ్చినవా" అని మెట్ల మీద ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, పవిట చెంగు తిప్పి చూపించి మరీ నవ్వేది.

గడ్డపోతారంలో ఓ మందుల కంపెనీ ల్యాబులో మూడేళ్ళు పనిచేసింది. ఒంటికి పట్టిన ఆ వాసన ఎన్ని నీళ్ళు పోసుకున్నా వదలడం లేదని మానేసి, ఫోనులోనే దుకాణం తెరిచింది. దాని పేరు 'అమ్మమ్మ బీరువా'. ఎప్పటివో చీరలు, లేసు జాకెట్లు, బెల్‌బాటం ప్యాంట్లు వెతికి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, తనే కట్టుకుని ఫొటో దిగి పెట్టేది. "పాత బట్టలంటే ఎవడు కొనడు, వింటేజ్ అంటే కొంటరు. గంతేనా బిడ్డా" అని వాళ్ళ నాన్న పౌలు అడిగాడు. గంతే మరి. అయితే ఎల్సీ చేతిలో ఇంకో విద్య కూడా ఉంది. ఫొటో కింద ఆ చీర కథ రాసేది. ఎవరు కట్టారు, ఏ పెళ్ళిలో కట్టారు, ఏ వానలో తడిసింది, అన్నీ. మొదట్లో అడిగి తెలుసుకుని రాసేది. అడగడానికి మనిషి దొరకనప్పుడు కొంచెం కల్పించేది. ఆ కొంచెం ఎప్పుడు ఎక్కువైందో ఆమెకే తెలియదు.

ఇక ఈ బట్టలన్నీ ఎక్కడివంటారా, తంటా అంతా అక్కడే ఉంది. స్టీలు గిన్నెలిచ్చి పాత చీరలు తీసుకునే ఆడవాళ్ళ దగ్గర కొన్ని కొనేది. మిగతావి చర్చివి. ఏటా అక్టోబరులో స్త్రీల సమాజం వాళ్ళు ఇంటింటా పాత బట్టలు పోగుచేసి, ఇటుక బట్టీల్లో పనికొచ్చిన ఒడిశా కుటుంబాలకు పంచుతారు. చర్చి వెనక గదిలో కూర్చుని వాటిని చూసి, చినిగినవి తీసేసి మూటలు కట్టే పనిని ఎల్సీ అడిగి మరీ తీసుకుంది. అందరూ మెచ్చుకున్నారు. ఈమె చేసేదేమిటంటే, వాటిలో మంచి పాత చీర కనపడితే తన సంచిలో వేసుకుని, దాని బదులు పటాన్‌చెరు సంతలో కొన్న కొత్త చీర పెట్టేది. పాతదానికి కొత్తది వస్తుంటే ఎవరికి నష్టం అని తనకు తానే చెప్పుకునేది. నష్టం లేకపోతే ఆ మాటేదో సమాజంలోనే చెప్పి చేయొచ్చు కదా. చెప్పలేదు.

ఆ ఏడు హన్నా టీచరమ్మ ఇంటి నుంచి ఒక మూట వచ్చింది. టీచరమ్మ మిషన్ బడిలో ముప్పై అయిదేళ్ళు చదువు చెప్పింది. సండే స్కూల్లో ఎల్సీకి వాక్యాలన్నీ నోటికి నేర్పింది కూడా ఆమే. ఎనభై దాటాయి. ఆ మధ్య బాత్రూములో జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. ఇల్లు సర్దుతూ కోడలు జెన్నిఫర్ పంపిన మూట అది. అందులో దుప్పట్ల కింద ఒక తెల్లటి పట్టుచీర బయటపడింది. వేలెడు వెడల్పున వెండి జరీ అంచు. మోచేతుల దాకా లేసున్న జాకెట్టు. మడతలో నాఫ్తలీన్ ఉండల వాసన. కొంగుకు గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'కడబూర చీర' అని రాసి ఉంది.

ఎల్సీ ఇంగ్లీషు మీడియం పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కోవాలి. చర్చిలో పాటలు కూడా ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చూసే పాడుతుంది. క, డ, బూ, ర అని చదువుకుంది. గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి చీర. ఇదీ అలాగే ఒక ఊరి చీర అనుకుంది. నెట్‌లో వెతికితే ఆ పేరుతో నేత ఎక్కడా దొరకలేదు. ఏమీ దొరకకపోతే మనిషికి అనుమానం రావాలి. ఈమెకు సంతోషం వచ్చింది. ఎక్కడా లేదంటే అంత అరుదైనదన్నమాట అనుకుంది.

మర్నాడే ఆ చీర కట్టుకుని ఫొటోలు దిగింది. కింద కథ రాసింది. మంజీరా ఒడ్డున కడబూర అని ఒక చిన్న ఊరుండేదట, అక్కడ పెళ్ళికూతుళ్ళ కోసమే తెల్లపట్టు నేసేవారట, ఊరు నీళ్ళలో మునిగాక మగ్గాలూ పోయాయట. సాక్ష్యంగా చీటీ ఫొటో కూడా పెట్టింది. గంటలో చీర అమ్ముడుపోయింది. కొన్నది రామచంద్రాపురం టౌన్‌షిప్‌లో ఉండే శ్రావ్య అనే అమ్మాయి. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆ రోజు నుంచి కడబూర పట్టు ఇంకా ఉందా అని ఒకటే మెసేజీలు. ఒకావిడైతే, మా అమ్మమ్మది కడబూరే, ఆ పేరు చూసి ఏడుపు ఆగలేదు అని రాసింది. చూశావా, ఊరు నిజంగానే ఉంది అని ఎల్సీ పొంగిపోయింది.

నవంబరు రెండో తేదీ సమాధుల పండుగ. అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. పాస్టరు ఏబెల్ గారికి మైకు అక్కర్లేదు. ఇక్కడున్న మనవాళ్ళంతా నిద్రపోతున్నారంతే, ఆ దినాన కడబూర మోగగానే లేచి నిలబడతారు అన్నాడు. ఎల్సీ చిన్నప్పటి నుంచి ఏటా వింటున్న మాటే. చెవితో విన్నదే తప్ప అక్షరాల్లో ఎన్నడూ చూడని మాట. కడ బూర. లోకం చివర మోగే బూర. ఊరు కాదు, నేత కాదు. కొవ్వొత్తి మైనం కారి వేళ్ళ మీద పడుతున్నా ఆమెకు తెలియలేదు.

ఆ చర్చిలో పెద్దవాళ్ళకు ఒక అలవాటుంది. పెళ్ళినాటి తెల్లచీరను దాచుకుని, పోయాక దాన్నే కట్టమంటారు. ఎల్సీకి తెలియనిదేం కాదు, తన నాయనమ్మకూ అలాగే కట్టారు. అయినా చీర చేతికొచ్చిన రోజు ఆ ఆలోచనే రాలేదు. జరీ చూసింది, లేసు చూసింది, దాని మీద తను రాయబోయే కథ చూసింది.

గేటు దగ్గర జెన్నిఫర్ ఆమెను ఆపింది. "ఎల్సీ, జెర ఆగు. నేను పంపిన మూటల తెల్లచీర గిట్ల కనపడ్డదా? అత్తమ్మ పెండ్లిచీర. పోయినంక కట్టాలని దాసుకున్నది. నాకు తెల్వక దుప్పట్లతోని కట్టేసిన. నిన్న ట్రంకు తీయమన్నది, చూస్తే లేదు. ఆమెకు ఇంక చెప్పలే. మస్తు పరేషాన్ అయితున్న."

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ సమాజం ఆడవాళ్ళున్నారు. "లేదక్కా, చూడలే" అంది ఎల్సీ. అక్కడితో ఆగినా కొంత నయం. "చలి షురూ అయిందని కొన్ని మూటలు ముందుగాల్నే బట్టీకి పంపినం. గా మూటలల్ల పోయిందేమో" అని కూడా అంది. ఆ మాట ఎందుకన్నదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి శ్రావ్య వాళ్ళింటికి పోయింది. ఎలాగైనా బతిమాలి చీర వెనక్కి తెచ్చి, మూటల అడుగున దొరికిందని జెన్నిఫర్‌కు ఇచ్చేయాలని ఆమె పథకం. చూడండి, అప్పుడు కూడా అబద్ధమే. శ్రావ్య వాళ్ళమ్మ వీరలక్ష్మి ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళింది. "రామ్మా, సమయానికొచ్చావు. ఇప్పుడే టైలరు దగ్గర్నుంచి తెచ్చాం" అంది. శ్రావ్య గదిలోంచి వచ్చింది. ఒంటి మీద నేల దాకా తెల్లటి గౌను. మెడ చుట్టూ వెండి జరీ అంచు. చేతులకు ఆ పాత లేసు.

"నిశ్చితార్థానికండీ. చీరగా కడితే ఎవరూ చూడరని గౌను కుట్టించా. కడబూర పట్టు కదా, పాడవకుండా పెద్ద టైలరుకే ఇచ్చాను. బావుందా?" అంది ఆ పిల్ల.

"బాగుంది" అంది ఎల్సీ. ఇంకేమనగలదు? డబ్బు పెట్టి కొనుక్కున్న పిల్లదేం తప్పు లేదు. వీరలక్ష్మి సున్నుండలు పెట్టింది. మా అత్తగారు కూడా కడబూర పేరు విన్నారట అని చెప్పింది. ఇంత మంచి చీర ఇచ్చినందుకు ఎల్సీని పక్కన నిలబెట్టుకుని ఫొటో తీసుకున్నారు. ఫొటోలో ఎల్సీ నవ్వింది. సున్నుండ చేతిలో అలాగే పట్టుకుని బయటపడింది.

ఇంటికి వచ్చేసరికి పౌలు షిఫ్టు దిగి అన్నం తింటున్నాడు. "జెన్నిఫర్ బట్టీకాడికి పోయిందట. ఎవలో చెప్పిర్రట చీర ఆడికి పోయిన మూటలల్లనే ఉన్నదని. ఆడోళ్ళ పెట్టెలన్ని విప్పిచ్చిందట. ఒక ఒడియా ఆమె దగ్గర తెల్లచీర ఉంటే గుంజుకొని చూసిందట. అది ఆమెదేనాయె. పాపం, అందరి ముంగట దొంగను చేసిర్రని ఒకటే ఏడ్సుడట" అన్నాడు. ఎల్సీ చెప్పులు కూడా విప్పలేదు. వచ్చిన దారినే టీచరమ్మ ఇంటికి నడిచింది.

టీచరమ్మ దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. జెన్నిఫర్ కుర్చీ వేయబోతే ఎల్సీ వద్దంది. నిలబడే అంతా చెప్పింది. మూటలోంచి తీసుకోవడం, అమ్మడం, గేటు దగ్గర ఆడిన అబద్ధం, దానివల్ల బట్టీలో ఒడియా ఆమెకు జరిగిన అవమానం, శ్రావ్య ఒంటి మీది గౌను. ఎంత కూడదీసుకున్నా మాటలు ముద్దముద్దగానే వచ్చాయి.

"నీ మాట పట్టుకొనే గదనే నేను వాళ్ళ పెట్టెలు విప్పిచ్చింది" అంది జెన్నిఫర్. మళ్ళీ ఎల్సీ వైపు చూడకుండా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఏం రాసినవో చూపియ్యి" అంది టీచరమ్మ.

ఎల్సీ ఫోను ఇచ్చింది. టీచరమ్మ దాన్ని కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో వాక్యం చదివింది. మంజీరా ఒడ్డు, మగ్గాలు, మునిగిన ఊరు. తన చేతిరాత ఫొటో దగ్గర వేలు ఆగింది.

"కడబూర అంటే ఏంది?"

క్లాసులో అడిగినట్టే అడిగింది. ఎల్సీ చెప్పింది.

"తెలుసు గదా మరి."

"వింటే తెలుస్తది టీచరమ్మా. రాసి ఉంటే తెల్వలే."

టీచరమ్మ ఫోను దుప్పటి మీద పెట్టింది. "నోటికి నేర్పిన, అక్షరం నేర్పలే. గది నా తప్పు" అంది. తిట్టినా బాగుండేది, చెంప మీద కొట్టినా బాగుండేది. తను చేసిన తప్పును ఆ ముసలిప్రాణం నెత్తిన వేసుకునేసరికి ఎల్సీకి తల కొట్టేసినట్టయింది.

"అచ్చం గసొంటిదే దేవులాడి తెస్త టీచరమ్మా. నాకు ఎరుకైనోళ్ళు ఉన్నరు, ఎక్కడున్నా..."

"గసొంటిది నాకెందుకు? గా చీర కట్టుకొనే ఆయన పక్కన నిలబడ్డ. ఆయన పోయి ఇరవై ఏండ్లాయె. నేను ముసల్దాన్నయిన, మొకం మారిపోయె. లేచిన దినాన చీరనన్న చూసి గుర్తుపడ్తడని దాసుకున్న. పిచ్చే అనుకో."

ఎల్సీ ఏడ్చింది. టీచరమ్మ ఊరుకోమని అనలేదు. ఏడుపు ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడింది.

"ముందుగాల బట్టీకి పో. ఆ ఆడామె కాళ్ళు పట్టుకుంటవో చేతులు పట్టుకుంటవో, అందరి ముంగటనే మాఫీ అడుగు. తర్వాత నా సంగతి. నేను పోయినంక నాకు ఇంట్ల ఏది ఉంటే గదే కడ్తరు. కాని కట్టేది నువ్వు. స్నానం చేపిచ్చేటప్పుడు సమాజం ఆడోళ్ళందరు వస్తరు. టీచరమ్మ తెల్లచీర ఏదని అడుగుతరు, దాసుకున్న సంగతి అందరికి ఎరుకే. జెన్నిఫర్ జవాబు చెప్పొద్దు. నువ్వే చెప్పాలె. ఏం జేసినవో చెప్పుకుంట కట్టాలె."

"వస్త టీచరమ్మా" అంది ఎల్సీ.

"వస్త గాదు. కడ్త అను."

ఎల్సీ నోరు తెరిచింది. నేల చూస్తూ ఆ మాట గొణిగింది.

"ఇనపడలే" అంది టీచరమ్మ.

లోపలి గదిలో జెన్నిఫర్ వింటోందని ఎల్సీకి తెలుసు. "కడ్త" అని ఈసారి గట్టిగానే అంది.