ఆదివారం కాటా

మా ఆయన చిట్టిరాజు గారికి భీమవరం పక్కన రొయ్యల చెరువులు, ఇంటి ముందరే మేత గోడౌను ఉన్నాయి. ప్రతి ఆదివారం పొద్దున్నే చెరువులో వల వేయించి, పడ్డ రొయ్యల్ని తూచి, వారంలో ఎంత పెరిగాయో చూసుకుంటారు. ఆ అలవాటునే తెచ్చి కన్నకూతురి మీద పెట్టారు. మేత బస్తాలు తూచే కాటా మీద మా శ్రీసత్యని నిలబెట్టి, వచ్చిన అంకెను గోడౌను తలుపు మీద సుద్దముక్కతో రాసేవారు. హమాలీలు చూస్తుండేవారు. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఇంజనీరింగు చదువుతోంది. నేనేం చేశాను? పోనీలే, దాని మంచికే కదా అనుకుని వంటింట్లో కూర్చున్నాను. నా మొహం మండ!

ఇదంతా మా మరిది గారింట్లో పెళ్లి దగ్గర మొదలైంది. మా వాళ్లకి మర్యాదలు ఎక్కువ. వద్దన్నా విస్తట్లో పూతరేకులు వేస్తారు, వేసిన చేత్తోనే ఏంటమ్మా ఇంత ఒళ్లు చేశావని నలుగురిలో అడుగుతారు. ఆరోజు పదిమందైనా అడిగి ఉంటారు. పిల్ల విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. ఆ ఆదివారమే కాటా ఎక్కింది. తొంభై రెండు.

నాలుగు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గింది. ఆయన గోడౌనులో స్వీట్లు పంచారు. నేను చుట్టాలందరికీ ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకున్నాను. దువ్వెన నిండా జుట్టు ఊడుతున్నా, మండుటెండల్లో దుప్పటి కప్పుకుంటున్నా, ఊరికే ఏడుస్తున్నా మాకు అంకె తప్ప ఏదీ కనపడలేదు. కాలేజీ ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయిందని ఫోను వచ్చాక గానీ నాకు భయం పుట్టలేదు.

రాజమండ్రిలో పేరున్న సైకాలజీ కౌన్సిలర్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. నిద్ర పట్టట్లేదని, చదివింది బుర్రకెక్కట్లేదని పిల్ల చెప్పబోతుంటే మధ్యలో ఆపి, బరువెంత అన్నాడు. ఎంత నుంచి ఎంతకి దిగిందో విని చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "వెరీ గుడ్. ఇంకో పన్నెండు తగ్గించు, కాన్ఫిడెన్స్ అదే వస్తుంది," అని డైట్ కాగితం చేతిలో పెట్టాడు. స్పృహ తప్పి పడిపోయిందండీ అని నేనంటే, కొత్తలో అంతేలెండి అన్నాడు. బక్కపలచటి పిల్ల అలా పడిపోతే ఆ పెద్దమనిషి కంగారుపడి ఉండేవాడు కాదూ? లావుగా ఉన్న పిల్ల పస్తుంటే మాత్రం శభాష్! ఆ కాగితం చూసుకుని మా పిల్ల నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పిల్ల కాలేజీ లెక్చరర్ మధులత గారిని అడిగితే కొవ్వూరులో ఉషారాణి గారనే సైకాలజిస్టు ఉన్నారని చెప్పారు. ఆవిడ గదిలో బరువు చూసే మిషనే లేదు. అలవాటు కొద్దీ శ్రీసత్య డెబ్బై నాలుగండీ అని మొదలుపెడితే, అది నేనడగలేదమ్మా, నిన్నటి నుంచి ఏం తిన్నావో చెప్పు అన్నారు. సగం జామకాయ అంది. నేను కట్టిచ్చిన క్యారేజీ రోజూ కాలేజీ గేటు దగ్గర కుక్కలకి పెడుతోందట. ఆవిడ వెంటనే నాడి పట్టుకుని చూసి, పక్క వీధిలో డాక్టరు గారి దగ్గరికి పంపారు. గుండె నిమిషానికి నలభై రెండు సార్లే కొట్టుకుంటోందని డాక్టరు గారు చెప్పారు.

"మీ అమ్మాయి జబ్బు లావు కాదండి, ఆకలి. సన్నగా లేదు కాబట్టి ఎవరూ చూడలేదు," అన్నారు ఉషారాణి గారు. ఇంకా కాటా ఎక్కిస్తే పిల్ల మీకు దక్కదని కూడా అన్నారు.

ఇంటికొచ్చి ఆయనకి చెబితే, డాక్టర్లు అలాగే భయపెడతారులే అన్నారు. ఆదివారం పొద్దున్న మామూలుగానే, రామ్మా అని గోడౌనులోంచి కేక వేశారు. పిల్ల కన్నా ముందు నేను వెళ్లి కాటాకి అడ్డంగా నిలబడ్డాను.

"ఏవండీ, రొయ్య వారంలో రెండు గ్రాములు తగ్గితే చెరువుకి జబ్బొచ్చిందని గుండెలు బాదుకుంటారు. కూతురు పద్దెనిమిది కిలోలు తగ్గితే స్వీట్లు పంచారా?"

నలుగురిలో ఏంటిది అని ఆయన కసిరారు. మరి పిల్లని తూచింది నాలుగ్గోడల మధ్యనా అన్నాను. హమాలీలు బస్తాలు దించేసి నిలబడిపోయారు. ఈలోగా శ్రీసత్య వచ్చింది. తలుపుకున్న గొళ్లెం పట్టుకుని నిలబడింది.

"నేను ఎక్కను నాన్నగారూ."

ఆయన గొంతు తగ్గించి, ఏమైనా తిన్నావా అని అడిగారు. ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు.

"లేదండి. ఆదివారం పొద్దున్నే కాటా ఉంటుందని, నాలుగు నెలలుగా ప్రతి శనివారం నేను మంచినీళ్లు కూడా తాగట్లేదు."