తొమ్మిదింట ఒకటి

మూడో నెల దాటిన దగ్గర్నుంచి యేసుమణికి తిన్న అన్నం ఒంటబట్టడం మానేసింది. వేవిళ్లు కావు, భయం. కడుపులో బిడ్డకు చెవులు వినపడతాయో లేదోనని.

అమీర్‌పేటలో చర్చి వెనకాల వాళ్ల వాడ. ముప్పై ఇళ్లు, నూట డెబ్బై అయిదుగురు మనుషులు, అందరూ ఒకరికొకరు చుట్టాలే. వాళ్లలో ఏడుగురు పుట్టుచెవిటివాళ్లు. వినపడదు గనక మాటా రాలేదు. చుట్టుపక్కల ఏ బస్తీలోనూ ఇంతమంది లేరు. యేసుమణి చెల్లెలు లీలాకుమారి ఆ ఏడుగురిలో ఒకతె. యేసుమణి భర్త సత్యరాజు ఆమెకు మేనబావ, బేగంపేటలో విమానాలు దిగే మైదానం దగ్గర షెడ్డులో పని చేసేవాడు. అతని తమ్ముడూ చెవిటివాడిగానే పుట్టి, పదేళ్లకు విషజ్వరం వచ్చి పోయాడు. రెండు వైపులా ఉందని వాడ ఆడవాళ్లు ఆమె కడుపు వంక చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

తల్లి పోయాక యేసుమణి చెల్లెల్ని వెంటబెట్టుకునే అత్తారింటికి వచ్చింది. లీలకు పదహారేళ్లు. ఇద్దరికీ చేతులతోనే ముచ్చట్లు. అక్క నీళ్లోసుకున్న సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది కూడా ఆ పిల్లే.

మామ క్రీస్తుదాసు చర్చిలో పెద్ద. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. వాడ మీద శాపం ఉంది, చెవిటివాళ్లు కళ్లముందు తిరిగితే అది పుట్టబోయే వాళ్లకూ తగులుతుంది, అందుకని వాళ్లను ఎక్కడికైనా పంపించెయ్యాలి. ఆయన ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి కోడలితో చెప్పాడు.

"నీ చెల్లెను పంపియ్యాలె బిడ్డా. నీ కడుపు కోసమే చెప్తున్న."

యేసుమణి కాదనలేదు. కాదనాలని కూడా అనిపించలేదు. ఆ మధ్యాహ్నమే రెండు లంగాలు, రెండు ఓణీలు మూట గట్టింది. పంజాగుట్టలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే బుచ్చమ్మ, పోయిన తమ తల్లికి ప్రాణస్నేహితురాలు. ఆమె దగ్గర వదిలెయ్యాలని అనుకుంది.

రాళ్లగుట్టల నడుమ బాటలో లీల ఉషారుగా ముందు నడిచింది. ఎక్కడికో ఊరికే చూసి రావడానికి పోతున్నారనుకుంది. బుచ్చమ్మ కొట్టం దగ్గర మూట తన చేతికిచ్చి అక్క వెనక్కి తిరిగినప్పుడు గాని ఆ పిల్లకు తెలియలేదు. పరుగున వచ్చి ఎదురుగా నిలబడింది. వేలితో అక్క కడుపు చూపించింది, తర్వాత తన చెవి చూపించి, అందుకేనా అన్నట్టు తలాడించింది. యేసుమణి అవునంది. లీల ఏడవలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

ఇంటికొచ్చాక భయం తగ్గకపోగా రెట్టింపయింది. తెల్లారి లేస్తే చెల్లెలి మొహమే కళ్లలో మెదిలేది. చేసిన పాపం బిడ్డకు చుట్టుకుంటుందని కొత్త దిగులు.

నాలుగు రోజులకు దయారత్నం వచ్చాడు. ఆ వాడ పిల్లవాడే. కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాడు. వరసకు యేసుమణికి అన్న. లీలనే కాదు, ఇంకో ఇద్దరిని కూడా అప్పటికే పంపేశారని విని కోపంగా వచ్చినవాడు, మామాకోడళ్ల మొహాలు చూసి మెత్తబడ్డాడు. చాటెడు చింతగింజలు తెప్పించుకున్నాడు. కొన్నిటిని బండకేసి తెల్లగా అరగదీసి, మిగతావాటిలో కలిపాడు.

మనిషిలో ఒక్కో గుణానికి రెండేసి గింజలుంటాయని, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిదని చెప్పాడు. చెవులకు సంబంధించి ఒక గింజ బాగున్నా చాలు, వినపడుతుంది. రెండూ అరిగినవే పడితేనే చెవుడు. పెద్ద ఊళ్లో ఇలాంటి గింజలు వెయ్యిలో ఏ పదో ఉంటాయి. రెండు ఒకచోట పడడం అరుదు.

"మరి మనకే ఎందుకు?" అంది యేసుమణి.

దయారత్నం చాటలోంచి ఒక గుప్పెడు తీసి నేల మీద పోశాడు. ఇరవై గింజల్లో నాలుగు తెల్లవి వచ్చాయి. "ఇంకోసారి తీస్తే ఒక్కటి సుత రాకపోవచ్చు. చేతికెన్ని వస్తే అన్ని. నలభై అయిదేండ్ల కింద పెద్ద జరం వచ్చినప్పుడు మన వాడల అరవై ఇండ్లుండెనట. మిగిలినయి ఆరు. గా ఆరిండ్లే గీ గుప్పెడు. ఇగ గీ గుప్పెట్లకెళ్లే పిల్లలు, వాళ్లకు వాళ్లే పెండ్లిళ్లు. తెల్లగింజలు ఎట్ల తగ్గుతయ్?"

జరం మాట వినగానే క్రీస్తుదాసు తెల్లగింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"మంగవ్వ శాపమది," అన్నాడు. "గా జరంల మా పక్కింటి మంగవ్వ మూడు దినాలు నీళ్లు నీళ్లని పిలిచింది. జరం అంటుతదని మేం తలుపు తియ్యలే. నేను సుత తియ్యలే. పిలుస్తుంటే ఇనవడనట్టు కూసున్న. మీ పిల్లలకు ఇనవడకుంట పోవాలె అనుకుంట పోయింది."

ఇన్నేళ్లలో ఆయన ఈ మాట ఎవరికీ చెప్పలేదు. దయారత్నం ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. తలుపు తియ్యకపోవడం తప్పేనని, ఆ తప్పు మాత్రం గింజల్లోకి పోదని అన్నాడు. ఎవరు బతికారో వాళ్ల గింజలే మిగిలాయి, అంతే. తర్వాత ఒక లెక్క చెప్పాడు. నూట డెబ్బై అయిదుగురిలో మూడు వందల యాభై గింజలు. ఉజ్జాయింపుగా డెబ్బై తెల్లవి. ఏడుగురు చెవిటివాళ్లలో రెండేసి చొప్పున పద్నాలుగే ఉన్నాయి.

"మిగతా యాభై ఆరు?" అంది యేసుమణి.

"మాట్లాడేటోళ్లల్ల. నాల ఉండొచ్చు, నీల ఉండొచ్చు, చెవిటి కొడుకును కన్నడు గనక మామల ఉన్నది ఖాయం. లీలను పంపిస్తే రెండు గింజలు పోయినయ్. ఆమె నీకు అంటిచ్చేది ఏం లేదు."

మరి నా బిడ్డ సంగతేమిటని యేసుమణి అడగలేక అడిగింది. దయారత్నం దాచలేదు. చెవిటి తోడబుట్టినవాళ్లున్న మనుషులు ముగ్గుర్లో ఇద్దరు ఆ గింజ మోస్తారు. భార్యాభర్తలిద్దరూ మోస్తే నలుగురు పిల్లల్లో ఒకరికి పడుతుంది. అన్నీ కలిపితే తొమ్మిదింట ఒకటి.

తొమ్మిదింట ఎనిమిది మంచివేనని సత్యరాజు సంబరపడ్డాడు. యేసుమణికి మాత్రం ఆ ఒక్కటే వినపడింది. శాపమయితే ప్రార్థన ఉంది. లెక్కకు ఎలా మొక్కుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఎండాకాలం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. లీల కూడా పుట్టినప్పుడు గట్టిగానే ఏడ్చిందని యేసుమణికి తెలుసు. చూడవచ్చినవాళ్లు చప్పట్లు కొట్టబోతే చేతులు పట్టుకుని ఆపేది. గిన్నె కింద పడితే బిడ్డ మొహం చూడకుండా అటు తిరిగేది. బేగంపేటలో లేచిన విమానం ఇంటి మీదుగా పోతే బిడ్డ ఉలిక్కిపడింది. సత్యరాజు ఎగిరి గంతేశాడు. కానీ అంత మోత ఒంటికి కూడా తగులుతుందని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని దయారత్నం ముందే చెప్పి ఉన్నాడు. నెలలు గడిచాయి. తెలుసుకుంటే అయిపోయేదానికి, తెలిసిపోతుందన్న భయంతోనే ఆమె చిక్కి సగమైంది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పాలిస్తోంది. వెనకాల తలుపు దగ్గరికి సత్యరాజు ఎప్పుడొచ్చాడో తెలియదు. పడుకున్నదా అని గుసగుసగా అడిగాడు. బిడ్డ పాలు తాగడం ఆపింది. రొమ్ము వదిలి, మెడ తిప్పి, తలుపు వంక చూసింది. యేసుమణి మళ్లీ అనమంది. అతను మళ్లీ అన్నాడు. బిడ్డ మళ్లీ తిరిగింది.

ఆమెకు ఏడుపు రాలేదు. బిడ్డను చంకనేసుకుని ఎండలోనే పంజాగుట్టకు బయలుదేరింది.

లీల కొట్టం ముందు పేడ ఎత్తుతోంది. అక్కను చూసి చేతులు కడుక్కుంది, దగ్గరికి మాత్రం రాలేదు. దూరం నుంచే చెవి చూపించి అడిగింది. వినపడుతుందని యేసుమణి చెప్పింది. లీల మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే రెండు చేతులూ వెనక్కి దాచుకుని గోడ దాకా జరిగింది. తాను తాకితే వినికిడి పోతుందని ఆ పిల్లకు నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకం పెట్టింది అక్కే.

యేసుమణి దగ్గరకు పోయి చెల్లెలి చేతులు ముందుకు లాగి బిడ్డను పెట్టింది. లీల వేళ్లు ముడుచుకునే ఉంచింది. బిడ్డ పడిపోతుందేమోనని ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. లీల కదలకుండా, బిడ్డ చెవి వంకే చూస్తూ నిలబడింది.

ఇంటికి రమ్మంటే రానంది. బుచ్చమ్మ బర్రె ముందు గడ్డి వేస్తూ మెల్లగా అంది. "ఎల్లగొట్టినోళ్లు పిలిస్తే ఎంబడే ఎవరొస్తరు బిడ్డా? జర ఆగు. మల్ల రా, మల్ల మల్ల రా."

యేసుమణి ప్రతి ఆదివారం పోయింది. మిగతా ఇద్దరిని తీసుకురావడానికి క్రీస్తుదాసే బయలుదేరాడు. మంగవ్వకు తలుపు తియ్యని సంగతి చర్చిలో అందరి ముందు చెప్పుకున్నాకే ఆయన కదిలాడు. లీల మాత్రం వర్షాలు వెనకబట్టాక ఒక పొద్దున తనంతట తనే వచ్చింది. గుమ్మంలో నిలబడి, లోపల పాకుతున్న పిల్ల ఎప్పుడు తలెత్తి చూస్తుందా అని చూస్తూ ఉంది.