బొట్టు పెట్టని కంప్యూటర్

పోయిన ఏడాది దుర్గాష్టమి సాయంత్రం, బస్తరులోని కిరందుల్ ఇనుప గని కాలనీ అమ్మవారి గుడిలో, చక్రధరరావు నా చేతిలోని మైకు లాక్కున్నాడు. పాట మధ్యలో.

ఆయన గుడి కమిటీ సెక్రటరీ, గని ఆఫీసులో పెద్ద క్లర్కు. నేను డంపర్ల వర్క్‌షాపులో పనిచేసే గవర్రాజు భార్యను. పెళ్ళయి ఈ గని కొండ కిందికి వచ్చిన దగ్గర్నుంచి అష్టమి భజనలో ముందు కూర్చుని పాడేది నేనే.

"ఇంక లే అప్పలకొండమ్మా, మా నాగేశ్వరమ్మ బృందం కాచుకుని ఉంది," అన్నాడు. నాగేశ్వరమ్మ ఆయన భార్య.

"ఒక్క చరణం ఉండిపోయింది రావుగారూ!"

"వచ్చే ఏడాది నుంచి అంతా ఆన్‌లైన్. ఎవరు ముందు పేర్లెక్కిస్తే వాళ్ళదే అష్టమి. పేర్లు, గోత్రాలు కంప్యూటర్లో కొట్టాలి, ఫోన్లో కుదరదు. ముందు మౌసు పట్టుకోడం నేర్చుకో, మైకు తర్వాత పట్టుకుందువుగాని."

అందరూ నవ్వారు. తరువాత ఆయన నా వెనక తాళాలు వాయిస్తున్న ఆయతిని చూశాడు. ఆయతిది కొంటా దగ్గర పల్లె, దొర్ల తెగ పిల్ల. ఆసుపత్రిలో కంప్యూటర్ ముందు కూర్చుని చీటీలు రాస్తుంది. "ఈ అడివి పిల్లని వేదికెక్కించింది ఎవరు? దీనికి గోత్రమేనా ఉందా?" అన్నాడు. ఆయతి తాళాలు కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయన, "ఒగ్గీవే. అమ్మోరి ముందర అలగ చేసినోడి సంగతి అమ్మోరే చూసుకుంటాది," అన్నారు.

"ఆవిడ చూసుకున్నదాకా నేను ఆగలేనండీ."

రోజూ కుంకుమ పూజ చేస్తాను. ఆ రోజు నుంచి ఒక్కొక్క నామానికీ అమ్మవారి ముఖానికి బదులు చక్రధరరావు ముఖమే కనిపించేది. కోపంతో చేసే పూజ నీకు అందుతుందా తల్లీ అని అడిగాను. ఆవిడ వద్దని చెప్పలేదు. వద్దనలేదు కనుక సరేనన్నదనే అనుకున్నాను.

కంపెనీ పాత కంప్యూటర్లు వేలం వేసినప్పుడు మా ఆయన చేత ఒకటి తెప్పించాను. లోపల ఏమీ లేదు, అంతా తుడిచేసి ఇచ్చారు. ఆయతి వచ్చి, మూత విప్పి చూసి పెదవి విరిచింది.

"ముసలిది పెద్దమ్మా. దీనికి బరువు పెట్టొద్దు. లినక్స్ ఏస్త, తేలికగుంటది."

వేసింది. దానితోపాటే వచ్చిన బ్రౌజర్ తెరిచి గుడి కమిటీ పేజీ పెట్టింది. పెట్టెలోని పంకా ఎత్తు ఎక్కే డంపర్‌లా రొద చేసింది. తెర బూడిదరంగుకు తిరిగి అలాగే ఉండిపోయింది. నేను ఆ వేళకు అన్నం వార్చి, పప్పు తాలింపు పెట్టి వచ్చాను. బూడిద అలాగే ఉంది.

"ఈ బ్రౌజర్ మంచిదే, గాని ఈ ముసల్ది దాన్ని మోయలేదు. ఇంకోటి జూద్దాం," అంది ఆయతి.

రెండోదాని పేరు డిల్లో. చిటికె వేసినంతలో తెరుచుకుంది. పేర్లు కొట్టే గళ్ళు కూడా కనిపించాయి. ఎంత సంతోషించానో! కానీ కింద 'పంపు' అన్న చోట ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ పేజీని నడిపించే సరుకు ఈ బ్రౌజర్‌కు అర్థం కాదట. చదువుకోవడానికైతే బాగుంటుంది, పేర్లు పంపడానికి పనికిరాదు.

"చూసీసి ఊరుకుంటే నాకేటి లాభమే? ఆడి రోగం కుదిర్చేది కావాలి."

"రుకో, జర ఆగు పెద్దమ్మా. కోపమొద్దు."

"కోపం ఒగ్గీమంటే కంప్యూటరే అక్కర్లేదు నాకు!"

ఆయతి పకపకా నవ్వింది. నవ్వి, మూడోది వేసింది. దాని పేరు మిడోరి. నెమ్మదిగా తెరుచుకుంది, పంకా మామూలుగానే తిరిగింది. గళ్ళు వచ్చాయి, బొత్తం కదిలింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అంతలో ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'ఈ బ్రౌజర్ ఇక్కడ చెల్లదు.'

గుడిలో మళ్ళీ మైకు లాక్కున్నట్లయింది నాకు. "ఇదీ ఆడి పనేనేటి?"

"పేజీ చేసినోళ్ళు పెద్ద బ్రౌజర్ల పేర్లే రాసిపెట్టిన్రు. ఇది చిన్నది, దీని పేరు అండ్ల లేదు." ఆయతి ఎక్కడో సెట్టింగుల్లోకి వెళ్ళి ఏదో మార్చింది. "ఇప్పుడిది పేరడిగితే పెద్దదాని పేరు జెప్తది."

"అబద్ధం చెప్పిస్తన్నావేటే? దేవుడి పని కదే."

"మరి పంతులు గోత్రమడిగితే, తెల్వనోళ్ళంత శివగోత్రమని జెప్తరు గద పెద్దమ్మా. అర్చన ఆగుతదా ఏంది?"

నిజమే. మా వీధిలోనే ఎందరో అలా చెప్పి అర్చన చేయించుకుంటారు. గోత్రం తెలియదని అమ్మవారు ఎవరి కొబ్బరికాయా తిప్పి పంపలేదు. పేజీ మళ్ళీ తెరిచాం. ఎర్ర అక్షరాలు రాలేదు.

కొన్నాళ్ళకు గుడి గోడ మీద కాగితం అంటించారు. అష్టమి పేర్లు ఎక్కించేది విశ్వకర్మ పూజ రోజు, పొద్దున్న పది గంటలకు.

ఏడాదిలో యంత్రాలకు పూజ చేసే ఆ ఒక్క రోజే ఇంటివాళ్ళను కొండమీది గని చూడనిస్తారు. ఊరు ఊరంతా బస్సులెక్కి వెళ్ళిపోతుంది. బజారులో నెట్ సెంటర్ తెరవరు. అక్కడి కంప్యూటర్లకు కూడా దండలు వేసి, దారం కట్టి ఆపేస్తారు. పూజ అందుకున్న యంత్రాన్ని పొద్దు గూకేదాకా తాకకూడదు, అది దానికి సెలవు. చక్రధరరావు కావాలనే చూసి పెట్టాడు. ఆ వేళకు నాగేశ్వరమ్మ ఒక్కతే ఇంట్లో తీరిగ్గా నొక్కుతుంది.

ఆ పొద్దున మా ఆయన డ్యూటీకి వెళ్ళబోతూ స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కుంకుమ భరిణె పట్టుకుని కంప్యూటర్ దగ్గరకు వచ్చారు. నేను అడ్డం నిలబడ్డాను.

"దీనికొద్దండీ."

"అదేటే! మన ఇంట్లో యంత్రానికి బొట్టెట్టకుండా ఎప్పుడేనా ఉన్నామా?"

"బొట్టెట్టేస్తే నేను ముట్టుకోకూడదు. నాకు పనుంది."

"ఆ చక్రధరరావు మీద కసి దేవుడి కన్నా పెద్దదైపోనాదేటి నీకు?" అన్నారు. భరిణె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

అది పెద్దదో కాదో నాకు తెలియదు. విశ్వకర్మ పటం ముందు దీపం పెట్టి, స్వామీ, ఈ ఒక్కదాన్నీ చూడనట్టు ఊరుకో అని దండం పెట్టుకున్నాను. ఆయతి వచ్చింది. వీధిలో పిల్లి కూడా లేదు. పది కొట్టగానే గళ్ళు తెరుచుకున్నాయి. మా బృందం పేర్లూ గోత్రాలూ నేను చెబుతుంటే ఆయతి కొట్టింది. చివర ఒక గడి మిగిలింది.

"నీ పేరు కొట్టు."

"నాదెందుకు పెద్దమ్మా? గోత్రమేందని అడుగుతరు మల్ల."

"మీ ఇంటిపేరు కుంజాం కదేటే? మీ కుంజాం వాళ్ళు వేరే కుంజాం వాళ్ళను పెళ్ళాడతారేటే?"

"ఛీ, అన్నదమ్ములైతరు గద!"

"మరింకేటి? గోత్రమంటే మాకూ అదే. కొట్టు."

కొట్టింది. 'పంపు' మీద మాత్రం నేనే నొక్కాను, మౌసు నా చేత్తో పట్టుకుని. అష్టమి మాకు వచ్చింది.

తరువాత ఏమేమి గొడవలు జరిగాయో చెప్పను. నియమం పెట్టినవాడే దాన్ని మార్చబోతే తక్కిన కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు.

అష్టమి సాయంత్రం చక్రధరరావు మైకు పట్టుకుని వేదిక ఎక్కాడు. పాడేవాళ్ళ పేర్లు చదవవలసింది ఆయనే. గబగబా చదివేసి మైకు నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

"ఇంకో పేరు ఉండిపోయింది రావుగారూ. గోత్రంతో చదవండి."

"అప్పలకొండమ్మా, జనం చూస్తున్నారు..."

"పోయినేడూ చూశారండీ."

ఆయన గొంతు సవరించుకుని, "ఆయతి, కుంజాం గోత్రం," అన్నాడు. నా వెనక తాళాలు ఒక్కసారి గల్లుమన్నాయి. అప్పుడు మైకు తీసుకున్నాను.

నిరుడు ఆయన ఆపిన చోటు నుంచే పాట ఎత్తుకున్నాను. పాడుతున్నంతసేపూ మొదటి వరసలో కూర్చున్న ఆయన ముఖమే చూశాను. చెమట పట్టిన ఆ ముఖం ఎంత బాగుందో! చూస్తూ చూస్తూ చివరి చరణం మరిచిపోయాను. ఏడాదంతా నోట్లో నానిన చరణం, ఒక్క ముక్క రాలేదు. అప్పుడు కింద నుంచి ఎవరో సన్నగా అందించారు. చూస్తే నాగేశ్వరమ్మ. భర్త పక్కనే కూర్చుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. అందుకున్నాను.

ఇంటికి వచ్చి భరిణె తీశాను. కంప్యూటర్‌కు పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి హారతి ఇచ్చాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

"కసి తీరిందేటే?"

"నాగేశ్వరమ్మ మీద లేదండీ. ఆడి మీద ఇంకా ఉంది," అన్నాను.